మత్తు దిగాక మొదలయ్యే పని

శనివారపు సర్జన్

చంద్రపూర్‌లో మా ఆసుపత్రిలో మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్లు నెలకు రెండు శనివారాలు జరిగేవి. నాగ్‌పూర్ నుంచి డాక్టర్ పాఠక్ పొద్దున్నే కారులో వచ్చేవారు. డిక్కీలో కొత్త కీళ్లు, పనిముట్లు ఉన్న స్టీలు పెట్టెలు ఉండేవి. తొంభైల చివర అది. బయటి దేశాల కీళ్లు మన దగ్గరికి తేలిగ్గా రావడం మొదలయ్యాక, అంతకుముందు బొంబాయి వెళ్తే తప్ప కాని ఆపరేషన్ మా ఊళ్లోనే అయ్యేది. పాఠక్ గారి చేయి మంచిది. ఎముక కోసేటప్పుడు తొందరపడేవారు కాదు, మాట తూలేవారు కాదు. మధ్యాహ్నం మూడింటికల్లా చేతులు కడుక్కొని, ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసుకొని, కారెక్కేవారు. నాలుగున్నరకు రోగికి మత్తు దిగేది.

నేను ఆ ఆసుపత్రిలో మత్తు డాక్టర్‌ని. వెన్నులో సూది వేసి నడుము కింద తిమ్మిరెక్కించడం, ఆపరేషన్ అయ్యేదాకా రోగి గుండె, ఊపిరి చూసుకోవడం నా పని. ఆ పని బాగానే చేసేదాన్ని. కానీ పాఠక్ గారి కారు నాగ్‌పూర్ దారిలో వరోరా దాటే వేళకు మా వార్డులో అరుపులు మొదలయ్యేవి. వాటిని వినేది నేను, వార్డు నర్సు వందనా సిస్టర్. ఆయన కాదు.

మత్తు వైద్యం చదువుకునే పిల్లలు, నర్సింగు పిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, మీ కాలంలో నొప్పికి ఏం చేసేవారని. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా నాన్న చంద్రపూర్ పక్కనే ఉన్న దుర్గాపూర్ బొగ్గు గనిలో, లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చే దీపాల గదిలో పనిచేసేవాడు. నా చదువంతా మరాఠీ బడిలో, తర్వాత ఇంగ్లీషులో సాగింది. తెలుగు అక్షరాలు మాత్రం అమ్మ బైబిల్ ముందు కూర్చోబెట్టి నేర్పింది. అందుకని వాక్యం ఎక్కడైనా తడబడితే సర్దుకోండి. విషయంలో తడబాటు లేదు.

ఎప్పుడు ఏ పదవి వచ్చిందో రాయను. ఇద్దరి విషయంలో తప్పు చేశాను, ఒకామె విషయంలో సరిగ్గా చేశాను. అది రాస్తాను.

సత్తెమ్మ కాలు

సత్తెమ్మ కుటుంబానికి బజారులో కిరాణా దుకాణం ఉండేది. ముత్తాతల నాడు వ్యాపారం కోసం వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. భర్త పోయాక దుకాణం ఆమే చూసుకునేది. ఆమె కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. ఆపరేషన్ చక్కగా అయింది. ఎక్స్‌రే చూసి పాఠక్ గారు, "దీన్ని చదువుకునే పిల్లలకు చూపించొచ్చు" అన్నారు.

నాలుగున్నరకు సత్తెమ్మ ఏడుపు మొదలైంది. ఆ రోజుల్లో మా దగ్గర ఉన్నది తుంటిలో వేసే నొప్పి ఇంజెక్షన్. దాంతో కొంచెం తగ్గేది. అంతకంటే బలమైన మందు తాళం వేసిన అల్మారాలో ఉండేది. అది ఇస్తే వాంతులు, మగత. నేను భయపడి సగం మోతాదే ఇచ్చేదాన్ని. సగం మోతాదుకు సగం నొప్పి కూడా తగ్గదని నాకు తెలుసు.

కీలు మార్పిడి అయిన మనిషికి అసలు పని రెండో రోజు మొదలవుతుంది. మోకాలు వంచాలి. మొదటి వారాల్లో వంచకపోతే చుట్టూ ఉన్న కండ, పొర బిగుసుకుపోతాయి. తర్వాత ఎంత మంచి కీలు పెట్టినా వంగదు. ఆదివారం పొద్దున వందనా సిస్టర్ ఆమె మడమ కింద చేయి పెట్టగానే సత్తెమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

"వద్దు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. పాణం పోతుంది."

నేను పక్కనే ఉన్నాను. "పెద్దమ్మా, గిట్ల ఏడిస్తే ఎట్ల? పక్క మంచంల ఆమెను సూడు, మూతి సుత మెదుపుతలేదు" అన్నాను.

పక్క మంచంలో ఉన్నది పిత్తాశయం ఆపరేషన్ అయిన మనిషి. ఆమెను ఎవరూ మోకాలు వంచమనలేదు. ఆ తేడా తెలిసి కూడా ఆ మాట అన్నాను.

వారం రోజులు అలాగే గడిచింది. కాలు ముట్టుకుంటే చాలు, సత్తెమ్మ ఒళ్లంతా బిగదీసుకునేది. ఇంటికి పంపేటప్పుడు కార్డులో నా చేత్తోనే "రోగి సహకరించలేదు" అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను.

మూడు నెలల తర్వాత చింతపండు కోసం ఆ దుకాణానికి వెళ్లాను. సత్తెమ్మ గద్దె మీద కూర్చుని ఉంది. కుడికాలు తిన్నగా చాపి నూనె డబ్బా మీద పెట్టుకుంది. లోపలికి పోయేవాళ్లు ఆ కాలిని తప్పించుకొని పోతున్నారు.

"రా డాక్టరమ్మా, కూసో. కాలు ముడవరాదు, గందుకే లేస్తలేను" అంది.

"నొప్పి ఉందా పెద్దమ్మా?"

"నొప్పి లేదు. ఆ సుఖం జేసిన్రు. గని కాలు కట్టె లెక్క అయింది." మోకాలి మీద అరచేత్తో కొట్టి చూపించింది. "గా కార్డుల ఏం రాసినవో నా కొడుకు సదివి చెప్పిండు. నేను మాట ఇనలేదని రాసినవట. ఒక్క ముచ్చట చెప్పు బిడ్డా. ముందుగాల నొప్పి తగ్గించి, గప్పుడు వంచుతనంటే నేను వద్దందునా?"

ఆమె గొంతులో కోపం లేదు. సరుకు ధర అడిగినంత మామూలుగా అడిగింది. చింతపండు పొట్లం తీసుకొని బయటికొచ్చాను.

మీ సర్వీసులో ఎప్పుడైనా "రోగి సహకరించలేదు" అని రాయాల్సి వస్తే, దానికి ముందు ఆ మనిషికి మీరేం సహకరించారో పక్క కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ఖాళీగా ఉంటే కేసుషీటులో ఆ మాట రాసే హక్కు మీకు లేదు. సత్తెమ్మ కాలు చెడింది కీలు వల్ల కాదు, కత్తి వల్ల కాదు, ఆమె పిరికితనం వల్ల అంతకన్నా కాదు. నొప్పి వల్ల చెడింది. ఆ నొప్పి చూడాల్సింది నేను.

గజ్జల్లో సూది

తర్వాతి శనివారం ఆపరేషన్‌కు ముందు పాఠక్ గారికి సత్తెమ్మ సంగతి చెప్పాను. ఆయన మరాఠీలో, నవ్వుతూనే అన్నారు. "ఎముక కోశాక నొప్పి ఉండదా మేడం? నాలుగు రోజులు ఓర్చుకుంటే కీలు చాలా ఏళ్లు పనిచేస్తుంది. అయినా నొప్పి మీ శాఖ కదా."

ఆయన ఊరికే అన్నారు. నేను గట్టిగానే తీసుకున్నాను.

నాగ్‌పూర్‌లో చదువుకునేటప్పుడు తొడ ఎముక విరిగినవాళ్లకు గజ్జల్లో ఒక సూది వేసేవాళ్లం. తొడలోకి దిగే రక్తనాళం వేలికి తగిలే చోటు చూసుకొని, దానికి వేలి వెడల్పంత పక్కన సూది దించితే, తొడ ముందు భాగానికి, మోకాలికి పోయే నరం చుట్టూ మందు చేరుతుంది. ఆ చోటికి మాత్రమే తిమ్మిరినిచ్చే మందు. మనిషి మెలకువగానే ఉంటాడు, వాంతులు ఉండవు, మగత ఉండదు. అదే సూది మోకాలి కీలు మార్చినవాళ్లకు ఎందుకు వేయకూడదు?

వేశాను. మొదటి ముగ్గురికి వేసిన రోజుల్లో నాలుగున్నర దాటినా వార్డులో అరుపుల్లేవు. వందనా సిస్టర్ రెండుసార్లు వచ్చి మంచాల మధ్య నిలబడి వెళ్లింది. కొత్తగా పెట్టించిన కేబుల్ టీవీలో ఏదో సీరియల్ మాటలు ఆ వార్డులో స్పష్టంగా వినబడటం నాకు అదే మొదలు. "మేడం, వీళ్లకు నిజంగా ఆపరేషన్ అయిందా?" అని మరాఠీలో అడిగింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ నవ్వులో నేను రెండు విషయాలు పట్టించుకోలేదు. మోకాలి ముందు భాగం నెమ్మదించినా వెనక పిక్క మీద లాగుతోందని ముగ్గురూ చెప్పారు. ఆ సూది పోయేది ముందున్న నరానికే కాబట్టి అది మామూలే. రెండోది అంతకంటే ముఖ్యమైనది. కాలు లేపమంటే ముగ్గురూ లేపలేకపోయారు. నొప్పిని మోసే నరమే కండకు బలం కూడా ఇస్తుంది. నొప్పిని ఆపితే బలం కూడా ఆగుతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. వార్డులో ఎవరికీ చెప్పలేదు.

మల్లయ్య పడిపోయాడు

నాలుగో మనిషి మల్లయ్య. దుర్గాపూర్ గనిలో బొగ్గు తొట్లను లాగే ఇంజను నడిపి రిటైరయ్యాడు. మా నాన్నను ఎరుగును. నన్ను చూడగానే, "నువ్వు మా దీపాల గది రాజన్న బిడ్డవు గదా! ఇగ నాకేం రంది లేదు" అన్నాడు. నేను ఆయన్ను కాకా అని పిలిచాను.

శనివారం ఆపరేషన్ అయింది. సాయంత్రం ఇంటికెళ్లే ముందు గజ్జల్లో మళ్లీ ఒకసారి మందు వేసి వెళ్లాను. "నొప్పి ఉండదు కాకా, మంచిగ పండుకో" అన్నాను. నేను చెప్పింది అంతే.

ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. నేను వెళ్లేసరికి మల్లయ్య మంచం మీదే ఉన్నాడు. కట్టు మొత్తం ఎర్రగా తడిసిపోయింది. బాత్రూముకు పోదామని తనంతట తాను మంచం దిగాడు. వందనా సిస్టర్ అప్పుడు పక్క మంచం దగ్గర కట్టు మారుస్తోంది. రెండు అడుగులు వేశాడు. మూడో అడుగుకు కాలు కిందినుంచి జారిపోయినట్టు ముడుచుకుపోయింది. ఒంటి బరువంతా కొత్త మోకాలి మీద పడి కుట్లు తెగిపోయాయి.

"నొప్పే లేదాయె డాక్టరమ్మా" అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది, అయినా నాకే నచ్చచెప్తున్నట్టుగా మాట్లాడాడు. "నొప్పి లేదంటే కాలు బాగైందనుకున్న. దిగిన. దిగినంక సూస్తే అది నా కాలే గాదు."

పాఠక్ గారికి ఫోన్ చేశాను. ఆయన్ను మెచ్చుకోవాలి, ఆదివారమని చూడకుండా మూడు గంటల్లో వచ్చారు. మళ్లీ థియేటర్‌లోకి తీసుకెళ్లి గాయం కడిగి కుట్లు వేశారు. కీలు కదల్లేదు, మోకాలి చిప్పను కింద పట్టి ఉంచే పట్టీ తెగలేదు. అది మల్లయ్య అదృష్టం, మా అందరి అదృష్టం.

చేతులు కడుక్కునే చోట ఆయన నా వైపు చూడకుండా అన్నారు. "కేసుషీటులో, అనుమతి లేకుండా రోగి మంచం దిగాడని రాయండి. ఆ సిస్టర్‌ను ఈ వార్డు నుంచి మార్చమని చెప్పండి. గజ్జల్లో సూది ఇక వద్దు."

నేను రాసిన రెండు వాక్యాలు

కేసుషీటు పట్టుకొని సిస్టర్ల గదిలో కూర్చున్నాను. వందన గోడకు ఆనుకొని నిలబడి ఉంది. చేతులు కూడా కడుక్కోలేదు. "మేడం, నేను పక్క మంచం దగ్గరే ఉన్నాను. ఆయన కాలికి బలం లేదని నాకు తెలిస్తే అటు తిరిగేదాన్నా?" అంది.

ఆమె అడిగినదానికి ఒక్కటే జవాబు. ఆమెకు తెలియదు, ఎందుకంటే నేను చెప్పలేదు. పాఠక్ గారు రాయమన్నది అబద్ధం కాదు. మల్లయ్య అనుమతి లేకుండానే దిగాడు. కానీ నిజంలో ఒక ముక్క మాత్రమే రాస్తే మిగతా తప్పు ఇంకొకరి మెడకు చుట్టుకుంటుంది. నేను ఇలా రాశాను: ఈ సూది వల్ల కాలి బలం తగ్గుతుందని రోగికి గానీ, సిస్టర్‌కు గానీ నేను ముందుగా చెప్పలేదు. సాయం లేకుండా దిగరాదని ఆదేశం ఇవ్వాల్సింది నేను, ఇవ్వలేదు. కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను.

ఉద్యోగం పోతుందనుకున్నాను. రాశాక మాత్రం ఆకలేసింది. పొద్దుట్నించి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత మల్లయ్య దగ్గరికి వెళ్లాను. "కాకా, తప్పు నాది. కాలు పట్టుదప్పుతదని నీకు చెప్పకపోతిని."

"బొగ్గు బాయిల మందు పేల్చే ముందు కేకేస్తరు బిడ్డా. అందరు జరుగుతరు, అప్పుడు పేలుస్తరు. నువ్వు కేకెయ్యలే. గంతే. మందు తప్పేం లేదు" అన్నాడు. తర్వాత, "గా మరాఠీ బిడ్డను ఏమనకున్రి. పడ్డంక నన్ను ఒక్కతే లేపింది" అన్నాడు.

ఆయన గాయం మానడానికి ఆరు వారాలు పట్టింది. చివరికి కర్ర ఊతతో బాగానే నడిచాడు.

తర్వాతి శనివారం పాఠక్ గారు ఆ పేజీ చదివారు. రెండుసార్లు చదివారు.

"ఇది చూపించి రేపు మన మీద కేసు పెట్టొచ్చు, తెలుసా?"

"తెలుసు సార్."

"తీసేయమంటే?"

"తీయను సార్. జరిగింది అదే."

ఆయన కేసుషీటు మూసి నా చేతికిచ్చారు. సిస్టర్‌ను మార్చాలన్న మాట మళ్లీ ఎత్తలేదు. సూది విషయంలో మాత్రం దిగిరాలేదు.

కీలు చుట్టూ

మళ్లీ నాలుగున్నరకు అరుపులు. మూడు నెలలు అలాగే గడిపాం. ఒకసారి నొప్పి లేని వార్డును చూశాక ఆ అరుపులు వినడం ముందుకంటే కష్టమైంది.

దారి దొరికింది పూర్తిగా వేరే ఆపరేషన్‌లో. మా ఊరి సర్జన్ ఒకాయన హెర్నియా కుట్టేముందు గాయం అంచుల్లో తిమ్మిరి మందు ఎక్కించేవారు. ఆయన రోగులు సాయంత్రం మంచం మీద కూర్చొని టీ తాగేవాళ్లు. ఏళ్ల తరబడి నేను చూస్తున్నదే. ఒకరోజు అలా చూస్తుండగా అనిపించింది, మోకాలిలో కూడా పెద్ద నరాన్ని ముట్టుకోకుండా గాయానికే మందు పెడితే? నొప్పి పుట్టే చోటే ఆగుతుంది. కండకు పోయే నరం జోలికి పోము కాబట్టి కాలి బలం ఉంటుంది. పైగా వెనక భాగానికి కూడా అందుతుంది.

ఇది నేను కనిపెట్టానని చెప్పుకోను. పెద్ద ఊళ్లలో అప్పటికే కొందరు చేస్తున్నారని తర్వాత తెలిసింది. చంద్రపూర్‌లో మాకెవరూ చెప్పలేదు, అంతే.

పాఠక్ గారు వెంటనే కాదన్నారు. ఆయన భయం చిన్నది కాదు. "లోపల లోహం పెడుతున్నాం మేడం. దాని పక్కన సూదులు గుచ్చితే చీము పట్టొచ్చు. చీము పడితే కీలు మొత్తం తీసేయాలి."

"బయట్నుంచి గుచ్చొద్దు సార్. వార్డులో గుచ్చొద్దు. కీలు తెరిచి ఉండగానే మీరే, మీ చేత్తోనే, కళ్లతో చూస్తూ వేయండి. అదే శుభ్రమైన గుడ్డలు, అదే చేతి తొడుగులు. వెనక పొరలో, రెండు పక్కలా, ముందు కండ అంచున, కుట్టేముందు చర్మం కింద. ఒక్కసారే. లోపల గొట్టం ఏదీ వదలొద్దు."

"ఎక్కడ చదివారు ఇది?"

"చదవలేదు సార్. హెర్నియా వార్డులో చూశాను."

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకొని, "ఒక్క కేసు. అది చెడితే మళ్లీ నా దగ్గర ఈ మాట ఎత్తొద్దు" అన్నారు.

మీకు ఒకటి చెప్పాలి. పైవాడు కాదన్నప్పుడు రెండు రకాలుగా కాదంటాడు. తన మాట నెగ్గాలని ఒకటి, రోగికి కీడు జరుగుతుందని ఒకటి. మొదటిదానితో పోట్లాడండి. రెండోదానికి జవాబు వెతకండి. పాఠక్ గారిది రెండోది. ఆ తేడా పట్టుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

పోశవ్వ

ఆ ఒక్క కేసు పోశవ్వ. జివతి కొండల్లో జొన్న, పత్తి పండించిన మనిషి. కొడుకు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి కావడంతో ఊర్జానగర్ క్వార్టర్‌లో ఉండేది. చిన్న మనిషి, గట్టి ఎముక, పెద్ద నోరు. ఆపరేషన్ ముందురోజు ఆమె మంచం మీద కూర్చొని చెప్పాను.

"అవ్వా, మోకాలి లోపల తిమ్మిరి మందు పెడుతం. ఇక్కడ గిట్ల చేసుడు మాకు మొదటిసారి."

"అంటే నా మీద నేర్సుకుంటరా?"

"సూది కొత్తది గాదు, మందు కొత్తది గాదు. పెట్టే జాగ కొత్తది. వద్దంటే పాత తీరుగనే చేస్తం."

ఆమె నా ముఖంలోకి చూసింది. "మరి నొప్పి ఉండదా?"

ఉండదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మల్లయ్యకు చెప్పింది అదే. "ఉంటది అవ్వా. రేపంతా తక్కువ ఉంటది. మందు పని అయిపోయినంక, ఎల్లుండి సాయంత్రం వస్తది. అప్పుడు గోలి ఇస్తం, సూది ఇస్తం. ఇంకొకటి, నొప్పి లేదని నీ అంతట నువ్వు మంచం దిగొద్దు. సిస్టర్ చెయ్యి పట్టుకోవాలె."

"గట్ల చెప్పు. మా కొడుకు అసలే ఉండదన్నడు. నేను నమ్మలే. కాలు కోస్తే నొప్పి లేకుంట ఉంటదా?" అంది. ఇంకు పట్టించుకున్న బొటనవేలు కాగితం మీద వేసింది. నేను చెప్పినవన్నీ వందనా సిస్టర్‌కు మళ్లీ చెప్పి, రాసి మంచం తలవైపు తగిలించాను.

శనివారం థియేటర్‌లో ఒక ఘర్షణ జరిగింది. పాఠక్ గారు వెనక పొరలో, పక్కల్లో మందు పెట్టారు. సిరంజి ఖాళీ అయింది. ముందు కండ ఇంకా మిగిలి ఉంది. "ఇంకో సీసా కలపండి" అని చేయి చాపారు.

"కుదరదు సార్. ఈమె బరువు నలభై రెండు కిలోలు. ఇంకో సీసా మొత్తం పోతే మోతాదు మించి మందు గుండె మీద పడుతుంది."

"సగం కండ వదిలేయమంటారా?"

"ఆమె బరువుకు తగ్గ మోతాదులో కొంచెం ఇంకా మిగిలి ఉంది. సెలైన్‌తో పలచన చేసి ఇస్తాను. చోటు సరిపోతుంది. మందు మాత్రం పెంచను."

ఆయనతో ఆ గొంతుతో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. చాపిన చేయి తీయకుండానే, "ఇవ్వండి" అన్నారు. పలచన చేసిన సిరంజి ఇచ్చాను. గుచ్చిన ప్రతిసారీ ముందు సిరంజిని వెనక్కి లాగి, రక్తం రావడం లేదని నాకు చూపించి, అప్పుడే మందు తోశారు. ఎలా కోయాలో సర్జన్ ఇష్టం. ఎంత మందు పోవాలో మాత్రం మీ ఇష్టం. అక్కడ వెనక్కి తగ్గితే మీరు ఆ గదిలో ఉండి లాభం లేదు.

నాలుగున్నరకు నేను పోశవ్వ మంచం దగ్గర నిలబడ్డాను. అయిదయింది. ఆమె కొడుకుతో, కోడలు పంపిన జావలో ఉప్పు తక్కువైందని కొట్లాడుతోంది.

"అవ్వా, కాలు లేపు."

మడమ మంచం మీంచి నాలుగు వేళ్లు పైకి లేచింది. కండలో బలం ఉంది. వందనా సిస్టర్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నాకు కళ్లు చెమర్చాయి. థర్మామీటరు చూస్తున్నట్టు అటు తిరిగాను.

ఆదివారం పొద్దున సిస్టర్ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకొని ఆమెను మంచం అంచున కూర్చోబెట్టాం. కాలు కిందికి వేలాడేసింది. ఎవరూ తోయకుండా మోకాలు దాని బరువుకే మూలమట్టంగా వంగింది. ఆమె దాన్ని చూసుకొని, "మంచిగనే ముడుస్తుంది గదా" అంది, ఇందులో వింతేముందన్నట్టు.

సాయంత్రం అయిదు దాటాక బెల్లు మోగింది. వెళ్లేసరికి పోశవ్వ పళ్లు బిగబట్టి ఉంది.

"వచ్చింది డాక్టరమ్మా. నువ్వు చెప్పిన యాళ్లకే వచ్చింది."

"ఎట్లుంది?"

"ఉంది. గని పాణం మీదికి వచ్చినట్టు లేదు. గోలి ఇయ్యి. జరసేపు ఆగి సిస్టర్‌ను పిలువు, మళ్ల వంచుదాం."

గోలి ఇచ్చాం, తుంటిలో సూది వేశాం. అరగంట తర్వాత ఆమె నిజంగానే వంచింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి, నోటి నుంచి రెండు బూతులు కూడా వచ్చాయి. కానీ కాలు బిగదీసుకోలేదు. ఒళ్లు బిగుసుకుపోయేది సగం నొప్పికే. మిగతా సగం ఇది ఎందుకొచ్చింది, ఎప్పుడు పోతుంది, ఏదో తప్పు జరిగిందేమో అన్న భయానికి. ఆ రెండో సగానికి ఏ సీసాలోనూ మందు లేదు. ముందే చెప్పడం ఒక్కటే మందు.

ఆమె పదో రోజున వాకరు పట్టుకొని ఇంటికి వెళ్లింది. గాయం శుభ్రంగా మానింది. తర్వాతి శనివారం పాఠక్ గారు నన్నేమీ అడగకుండానే మొదటి కేసుకు, "మందు కలిపారా?" అన్నారు.

అందరికీ పోశవ్వకు అయినంత బాగా కాలేదు. కొందరికి ఆదివారం మధ్యాహ్నానికే నొప్పి వచ్చేసింది. ఒకాయనకు మందు పనిచేసిందో లేదో కూడా తేల్చుకోలేకపోయాం. ఇప్పుడు మీ చేతుల్లో నరాన్ని తెర మీద చూపించే యంత్రాలున్నాయి, కండ బలం పోకుండా నొప్పి ఒక్కటే ఆపే కొత్త చోట్లున్నాయి. అవన్నీ నేర్చుకోండి. నేనూ చివరి ఏళ్లలో నేర్చుకున్నాను. కానీ సూది వేసి ఇంటికి పోకండి. సాయంత్రం ఒకసారి వార్డుకు వెళ్లి, వేసిన చోటు చూడండి, కాలు లేపమనండి.

పోశవ్వ వెళ్లిన నెల తర్వాత ఒక శుక్రవారం, మర్నాడు ఆపరేషన్ ఉన్న ఒకామెను చూడటానికి వార్డుకు వెళ్లాను. దుర్గాపూర్ నుంచి వచ్చిన తెలుగామె. మంచం మీద ముడుచుకొని కూర్చొని వందనా సిస్టర్ కొంగు పట్టుకొని ఉంది.

"సిస్టరమ్మా, బాగ నొప్పి ఉంటదా?"

వందనకు తెలుగు అంతంత మాత్రం. వార్డులో విని విని నేర్చుకున్నదే. నేను గుమ్మంలోనే ఆగాను. ఆమె నన్ను చూడలేదు. బీపీ పట్టీ పక్కన పెట్టి, స్టూలు లాక్కొని ఆ మనిషి ఎదురుగా కూర్చుంది.

"వస్తది అమ్మా" అంది. "ఆదివారం సాయంత్రం వస్తది. మేం ఇక్కడనే ఉంటం."